బిగింపుకూ ఒక లెక్క ఉంది
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద సాధారణంగా చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, ఆరోగ్యం గురించి పెద్దలు మాట్లాడుతుంటారు. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, “మీకు తెలిసిన పని గురించే నాలుగు మాటలు చెప్పండి” అన్నారు. నాకు తెలిసింది ఇంజను పని. అందులోనూ ఈ పూట ఒక్క విషయమే తీసుకుంటాను: బోల్టు బిగించడం. ఇంత చిన్న సంగతికి ఉపన్యాసం ఎందుకని వెనక వరసలో కొందరు నవ్వుతున్నారు. నవ్వనివ్వండి. మన సభ్యుల్లో షెడ్డు మీద బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. టూవీలర్ మెకానిక్కులున్నారు, ఆటోలు బాగుచేసేవారున్నారు, కార్లు విప్పేవారున్నారు, లేత్ పనివారున్నారు. ఆ ఇళ్లకు చేరవలసిన రూపాయిలో కొంత ఈ బోల్టు దగ్గరే జారిపోతోంది. అందుకే ఈ మాట ఆడవారూ పిల్లలూ ఉన్న సభలో చెబుతున్నాను.

ఎలా జారిపోతోందో చూడండి. ఒక బండి ప్లగ్గు మార్చడానికి వస్తుంది. పది నిముషాల పని. కుర్రవాడు గట్టిగా ఒక పట్టు పడతాడు. హెడ్డులో మర, అంటే మనం షెడ్డులో చూడీ అనేది, ఊడి ప్లగ్గుతోపాటు పొడి పొడిగా బయటికి వస్తుంది. ఇక హెడ్డు విప్పాలి, లేత్ షాపుకు పంపాలి, ట్యాపు కొట్టించి హెలికాయిల్ వేయించాలి, కొత్త గ్యాస్కెట్ కొనాలి. బండి యజమాని పైసా ఇవ్వడు, ఇవ్వవలసిన అవసరమూ లేదు. షెడ్డు యజమాని పెట్టుకుంటాడు, లేదా ఆ కుర్రవాడి జీతంలో కోస్తాడు. వారం రోజుల కూలి ఒక్క పట్టులో పోయిందన్నమాట. సెన్సారు పగిలితే ఇంకా కష్టం. అది బాగుచేసే వస్తువు కాదు. కొత్తది కొని పెట్టవలసిందే.

వెనకటి ఇంజన్లలో ఇంత బాధ ఉండేది కాదు. చాలావాటికి బ్లాకూ హెడ్డూ పోత ఇనుమువి. బలం కాస్త ఎక్కువ పడినా ఓర్చుకునేవి. తరువాత హెడ్డు అల్యూమినియం అయింది, కవర్లు ప్లాస్టిక్ అయ్యాయి. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్. 6 నిబంధన వచ్చాక మన మోటారు సైకిళ్లలో, స్కూటర్లలో కూడా చాలా మటుకు కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. కార్లలో అది అంతకు ముందే వచ్చింది. ఇంజెక్షన్‌తోపాటు సెన్సార్లు వచ్చాయి. ఇంజను ఎంత వేడిగా ఉంది, క్రాంకు ఎక్కడ తిరుగుతోంది, పొగలో ప్రాణవాయువు ఎంత మిగిలింది అని చూసి కంప్యూటరుకు చెప్పేవి ఇవే. వీటిలో కొన్నింటికి బిగింపు తేడా వస్తే పగలడం, వదులవడంతో ఆగదు. పైకి బాగానే కనబడుతూ తప్పుడు కబురు పంపుతాయి. ఆ సంగతి తరువాత చెబుతాను.

ముందు చేతి అంచనా ఎంతవరకు పనికివస్తుందో లెక్క వేద్దాం. సెన్సార్లను పట్టి ఉంచేవి ఎక్కువగా 6 మిల్లీమీటర్ల బోల్టులు, 10 నెంబరు పానా పడేవి. వాటికి మామూలుగా 8 నుండి 10 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. న్యూటన్ మీటరు అంటే భయపడకండి. మీటరు పొడవున్న కడ్డీ చివర ఒక కిలో బరువు వేలాడదీస్తే బోల్టు మీద పడే మెలి సుమారు 10 న్యూటన్ మీటర్లు. దీన్నే టార్క్ అంటారు. మీటరు పానా ఎవరూ వాడరు కదా, 15 సెంటీమీటర్ల చిన్న పానా పట్టుకుంటే అదే మెలికి చేతి దగ్గర 7 కిలోల బలం సరిపోతుంది. 30 సెంటీమీటర్ల రాచెట్ పట్టుకుంటే మూడున్నర కిలోలే! ఒక పసిపిల్లను ఎత్తుకునే బలం. మన కుర్రవాడు ఆ రాచెట్ మీద 25 కిలోల బలం అలవోకగా వేస్తాడు. అప్పుడు బోల్టు మీద పడేది 70 న్యూటన్ మీటర్లు దాటుతుంది. కావలసినదానికి ఏడు రెట్లు. ఇక పానాకు పైపు తొడిగి బిగించేవారి సంగతి నేను చెప్పనక్కరలేదు.

బోల్టు అసలు చేసే పని ఏమిటి? చాలామంది అది మేకులాంటిదని అనుకుంటారు. అది స్ప్రింగులాంటిది. బిగిస్తే కంటికి కనబడనంత సాగుతుంది. సాగింది గనుక వెనక్కు లాగుతుంది. ఆ లాగుడే రెండు భాగాలను కలిపి పట్టుకుంటుంది. ఇంట్లో నవారు మంచం బిగించినవారికి ఈ మాట వెంటనే తెలుస్తుంది. నవారు వదులైతే మంచం కుంగుతుంది. మితిమీరి లాగితే కోడు వంకర పోతుంది, లేదా నవారే తెగుతుంది. రెంటికీ మధ్య ఒక లాగుడు ఉంది. 6 మిల్లీమీటర్ల బోల్టును 10 న్యూటన్ మీటర్లకు బిగిస్తే అది దాదాపు 800 కిలోల బలంతో లాగి పట్టుకుంటుంది. 8 మిల్లీమీటర్ల బోల్టును 25కు బిగిస్తే టన్నున్నర. ఇంత చిన్న ఇనుప ముక్క ఇంత బలం చూపుతుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో అంకెలు ఉంటాయి. ఎప్పుడైనా చూశారా? మొదటి 8 అంటే చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల దగ్గర తెగుతుందని. చుక్క తరువాతి 8 అంటే ఆ బలంలో 80 శాతం దాకా సాగినా వదిలితే మళ్లీ యథాస్థితికి వస్తుందని. ఆ హద్దు దాటితే సాగింది సాగినట్టే ఉండిపోతుంది, దానిలో లాగే గుణం చస్తుంది. పానా కింద బోల్టు అకస్మాత్తుగా మెత్తగా తిరుగుతోందంటే ఆ హద్దు దాటినట్టే. “ఇంకొంచెం బిగిసింది” అని సంతోషించవద్దు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మనం పానా మీద వేసే బలమంతా బోల్టును సాగదీయడానికి పోదు. దాదాపు సగం బోల్టు తల కింద రాపిడికి పోతుంది. ఇంకో 40 శాతం మరల మధ్య రాపిడికి పోతుంది. మిగిలిన 10 శాతమే అసలు పని చేస్తుంది. అందుచేత రాపిడి కొంచెం మారితే లెక్కంతా మారుతుంది. మరకు ఆయిల్ పూసి, పొడి బోల్టుకు చెప్పిన అంకెకే బిగిస్తే బోల్టు మీద లాగుడు మూడో వంతు దాకా ఎక్కువ పడవచ్చు. తుప్పో మట్టో ఉన్న మరను అదే అంకెకు బిగిస్తే లాగుడు చాలా తక్కువ పడుతుంది, టార్క్ రెంచీ మాత్రం టిక్కుమంటుంది. కనుక ముందు మర శుభ్రం చేయండి. మాన్యువల్‌లో ఆయిల్ పూయమంటే పూయండి. పూయమనకపోతే పూయవద్దు. “మళ్లీ విప్పేటప్పుడు సులువుగా వస్తుంది” అని అన్నిటికీ గ్రీజు రాసే అలవాటు మన షెడ్లలో ఉంది. దాన్ని మానుకోవాలి.

ఇక సెన్సార్ల మాట. నాక్ సెన్సారు అని ఒకటి ఉంది, కార్లలో ఎక్కువగా చూస్తాం. బ్లాకు పక్కన, మధ్యలో రంధ్రం ఉన్న గారెలాగా ఉంటుంది. ఆ రంధ్రం గుండా 8 మిల్లీమీటర్ల బోల్టు పోతుంది. పెట్రోలు సరిగా మండక సిలిండరులో టకటక కొట్టినప్పుడు ఆ అదురును ఇది పసిగడుతుంది. కంప్యూటరు వెంటనే టైమింగు వెనక్కు తగ్గించి పిస్టన్‌ను కాపాడుతుంది. సెన్సారు లోపల ఒత్తితే కరెంటు పుట్టించే ఒక బిళ్ల ఉంటుంది. బ్లాకు అదురు ఆ బిళ్లకు చేరేది సెన్సారు బ్లాకును ఎంత గట్టిగా అంటుకుని ఉందన్నదాన్ని బట్టే. బాష్ కంపెనీవారి ఇలాంటి సెన్సారుకు 20 న్యూటన్ మీటర్లు చెప్పారు, 5 అటూ ఇటూ. అంటే 15 కంటే తగ్గకూడదు, 25 కంటే మించకూడదు. వదులైతే ఇంజను కొట్టుకుంటున్నా కంప్యూటరుకు చెవుడు వచ్చినట్టే. అతిగా బిగిస్తే బిళ్ల మీద ఒత్తిడి మారి కబురు తప్పుగా పోతుంది, ఒక్కోసారి బిళ్లే చిట్లుతుంది. లేని నాక్ ఉన్నట్టు తెలిస్తే కంప్యూటరు టైమింగు తగ్గిస్తూనే ఉంటుంది. బండికి పికప్ ఉండదు, మైలేజి రాదు. యజమాని షెడ్డు చుట్టూ తిరుగుతాడు. మనం ఫిల్టరు మారుస్తాం, ప్లగ్గులు మారుస్తాం, పంపు చూస్తాం, బోల్టు వంక చూడం. ఇంకో మాట: ఈ సెన్సారు కింద వాషరు వేయకూడదు. కింద పెయింటు, తుప్పు, గ్రీజు ఉండకూడదు. లోహానికి లోహం నేరుగా తగలాలి.

సైలెన్సరు గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సారుది మరో కథ. కార్లలో ఎక్కువగా 18 మిల్లీమీటర్ల మర, 40 నుండి 60 న్యూటన్ మీటర్లు. మోటారు సైకిళ్లలో చిన్నది ఉంటుంది, దాని అంకె దానిదే. అది వదులుగా ఉంటే ఆ సందులోంచి బయటి గాలి గొట్టంలోకి చేరుతుంది. సెన్సారు ఆ గాలిని చూసి, పెట్రోలు తక్కువైందని కంప్యూటరుకు చెబుతుంది. కంప్యూటరు నమ్మి ఇంకా పెట్రోలు పోస్తుంది. ఒక చుట్టు బిగింపు తక్కువైనందుకు ట్యాంకు ఖాళీ! కొత్త సెన్సారు మరకు కంపెనీవారే పూత పూసి ఇస్తారు, దాన్ని తుడవకండి. మొన మీద మాత్రం ఏ గ్రీజూ తగలనివ్వకండి.

క్రాంకు సెన్సారుకు, తిరిగే చక్రం పళ్లకు మధ్య సందు సుమారు ఒక మిల్లీమీటరు ఉంటుంది. బోల్టు వదులైతే సెన్సారు కదిలి సందు మారుతుంది, బండి నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ స్టార్టవుతుంది. అతిగా బిగిస్తే ప్లాస్టిక్ చెవి విరుగుతుంది. ఈ చెవిలో చిన్న ఇనుప బుష్ ఉంటుంది చూడండి, బోల్టు ఒత్తిడి దాని మీద పడాలి. పాత సెన్సారు తీసేటప్పుడు బుష్ ఊడి బ్లాకులో ఉండిపోలేదు కదా అని చూసుకోండి. నీటి వేడి చూసే సెన్సారుకు కొత్త వాషరు వేసి, చెప్పిన అంకెకు ఆపితే చాలు, దాని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు.

స్పార్కు ప్లగ్గు సెన్సారు కాకపోయినా షెడ్డులో ఎక్కువ నష్టం దానివల్లే. వాషరుతో ఉండే 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకు అల్యూమినియం హెడ్డులో 25 నుండి 30, 12 మిల్లీమీటర్లదానికి 15 నుండి 20, మోటారు సైకిళ్లలో ఉండే 10 మిల్లీమీటర్లదానికి 10 నుండి 12 న్యూటన్ మీటర్లు. రెంచీ లేకపోతే చేత్తో పూర్తిగా తిప్పి, వాషరు ఆనాక, 14 మిల్లీమీటర్ల కొత్త ప్లగ్గయితే పానాతో సగం నుండి మూడింట రెండు వంతుల చుట్టు. ఈ రెండు వంతుల మాట వాషరు నలిగి ఉండని కొత్త ప్లగ్గుకే, పాతదానికి కాదు. వదులు ప్లగ్గు కూడా ప్రమాదమే. ప్లగ్గు వేడి ఆ ఆసనం గుండానే హెడ్డుకు పోతుంది. ఆనకపోతే మొన ఎర్రగా కాలి, మంట ముందే రాజుకుని, పిస్టన్‌కు చిల్లు పడే దాకా పోవచ్చు. అల్యూమినియం వేడికి ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది, కాబట్టి కాలుతున్న ఇంజను మీద ప్లగ్గు పని పెట్టుకోవద్దు. గిరాకీ తొందరపెడితే టీ తాగి రమ్మనండి.

హెడ్డు బోల్టుల వరుస గురించి ఎక్కువ చెప్పను, చాలామందికి తెలుసు. సైకిలు చక్రానికి ఔట్ తీసినవాడికి ఎవరూ నేర్పనక్కరలేదు. ఒక పక్క ఊచలు మాత్రమే బిగిస్తే రిమ్ము అటు లాగేస్తుంది. హెడ్డు కూడా అంతే, మధ్యనుంచి బయటికి, విడతలు విడతలుగా. విప్పేటప్పుడు బయటినుంచి మధ్యకు. చాలా కొత్త ఇంజన్లలో కొంత టార్కు వేసి, ఆ పైన ఇన్ని డిగ్రీలు తిప్పమంటారు. రాపిడి చిక్కు తప్పించడానికే ఈ పద్ధతి. అలాంటి బోల్టులు సాగే హద్దు దాకా పోతాయి కనుక, కంపెనీ కొత్తవి వేయమన్నచోట పాతవి మళ్లీ వేయకూడదు.

స్ప్రింగు వాషరు వేశాం కదా, ఊడదులే అనే ధీమా ఒకటి ఉంది. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు బోల్టులను అడ్డంగా అదిలించి చూశాడు. అడ్డంగా జారే అదురుకు బోల్టు తనంతట తానే విప్పుకుంటుందని తేల్చాడు. స్ప్రింగు వాషరు దాన్ని ఆపలేదు. ఆపేది సరైన లాగుడే.

రెంచీ టిక్కుమంటే అంతా క్షేమమేనా? కాదు. 1990 జూన్ 10న ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నుండి స్పెయిన్ పోతున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానానికి, 17,300 అడుగుల ఎత్తున, పైలట్ ముందున్న అద్దం ఊడిపోయింది. పైలట్ నడుం దాకా బయటికి లాగబడ్డాడు. తోటివారు కాళ్లు పట్టుకుని ఆపారు, కో పైలట్ సౌతాంప్టన్‌లో దింపాడు. పైలట్‌తో సహా అందరూ బతికారు. విచారణలో తేలిందేమంటే, అంతకు ముందే మార్చిన ఆ అద్దానికి 90 బోల్టులుంటే 84 బోల్టులు అసలు కంటే సన్నవి. పాత బోల్టును పక్కన పెట్టుకుని కంటితో పోల్చి తెచ్చినవి. బిగించినాయన టార్క్ పనిముట్టే వాడాడు. సన్న బోల్టు మర జారుతుంటే వచ్చిన కదలికను పనిముట్టు టిక్కుగా భావించాడు. కనుక బోల్టు సైజు, పొడవు, మర పిచ్చు ముందు సరిచూడాలి. టార్కు ఆ తరువాత. పాత బోల్టుల డబ్బాలోంచి “ఇది పడుతుందిలే” అని ఏరి వేయడం మన షెడ్లలో రోజూ జరిగేదే.

ఇక పెద్దల అభ్యంతరం. “మా ఉస్తాద్ నలభై ఏళ్లు ఏ రెంచీ లేకుండా పని చేశాడు, ఒక్క బోల్టు తెగలేదు” అంటారు. నిజమే. అలాంటి ఉస్తాదులను నేనూ చూశాను, వారి చేతికి సలాం చేస్తాను. కానీ వారు ఏం చేసేవారో గమనించండి. చిన్న బోల్టుకు చిన్న పానాయే తీసుకునేవారు. పానా మధ్యలో పట్టుకునేవారు. శాగిర్దు పొడవు రాచెట్ తీస్తే చేతి మీద కొట్టేవారు. పానా పొడవే వారికి టార్క్ రెంచీ. ఇప్పుడు ఎయిర్ గన్ వచ్చాక ఆ కొలత పోయింది. ప్లగ్గుకూ సెన్సారుకూ గన్ పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చేతి పని ఇంకా ఉంది: ప్రతి బోల్టూ ముందు వేళ్లతో రెండు మూడు చుట్లు తిరగాలి. మర అడ్డంగా పడిందో లేదో చెప్పేది ఆ వేళ్లే, ఏ రెంచీ చెప్పదు.

టార్క్ రెంచీ కొనేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. 100 దాకా పోయే పెద్ద రెంచీని 10కి పెట్టి సెన్సారు బిగించలేం, అడుగు భాగంలో దాని మాట నమ్మలేం. కనుక రెండు కావాలి: 5 నుండి 25 దాకా ఒకటి, 20 నుండి 100 దాకా ఒకటి. ఒక టిక్కు రాగానే ఆపాలి. “ఇంకోసారి చూద్దాం” అని రెండోసారి లాగకూడదు. దానితో బోల్టు విప్పకూడదు, సుత్తిలా వాడకూడదు. పని అయ్యాక స్ప్రింగును అడుగు అంకెకు తగ్గించి డబ్బాలో పెట్టాలి. సంవత్సరానికొకసారి, లేదా 5000 బిగింపులకొకసారి, ఏది ముందైతే అప్పుడు సరిచూపించాలి. అంకెలు చదివేటప్పుడు కొలత పేరు చూడండి. పాత పుస్తకాల్లో కిలోగ్రాం మీటర్లు ఉంటాయి, ఒకటి దాదాపు 9.8 న్యూటన్ మీటర్లకు సమానం. పౌండు అడుగు ఒకటి 1.36. ఒకదానికి బదులు ఇంకొకటి చదివితే హెడ్డు పోయినట్టే.

ఒక్కొక్క షెడ్డు రెండేసి రెంచీలు కొనడం చిన్నవారికి బరువు. అందుకని కార్యవర్గానికి నా మనవి ఒకటి ఉంది. సంఘం తరఫున ఒక జత కొని కార్యాలయంలో ఉంచండి. సభ్యులు రిజిస్టరులో సంతకం చేసి తీసుకువెళతారు, సాయంత్రానికి తెచ్చి ఇస్తారు. దాని పక్కనే ఒక నోటు పుస్తకం ఉంచండి. ఏ బండికి ఏ బోల్టు, ఎన్ని న్యూటన్ మీటర్లు అన్నది కంపెనీ మాన్యువల్ చూసి మాత్రమే అందులో రాయాలి. ఈ రోజు నేను చెప్పిన అంకెలు మచ్చుకు చెప్పినవి, మీ చేతిలో ఉన్న బండికి దాని మాన్యువలే ప్రమాణం. చదువుకున్న మన పిల్లలు సెలవుల్లో ఆ మాన్యువళ్లు చదివి పుస్తకం నింపితే తండ్రులకు సాయమవుతుంది.

భోజనాలకు ఇంకా అరగంట ఉంది. హాలు వెనక బల్ల మీద పాత అల్యూమినియం హెడ్డు ఒకటి బిగించి పెట్టాను. ప్లగ్గు రంధ్రంలో ఒక వైపు చూడీ పోయి ఉంది, వేలు పెట్టి చూడండి. రెండో వైపు బాగానే ఉంది. అక్కడ ముందు మీ చేతి అంచనాకు బిగించండి, తరువాత రెంచీతో కొలిచి చూపిస్తాను. నలుగురు నలుగురుగా రండి, కుర్రవాళ్లను ముందుకు పంపండి.